పార్కిన్సన్స్‌కి అలెగ్జాండర్ టెక్నిక్: రెండేళ్లు దాటాక నా మాట

మెడ బిగించకుండా కదలడం నేర్పే ఈ పాఠాల్లో వణుకు తగ్గుతుందని చేరేవాళ్లకి ముందే చెబుతున్నాను, తగ్గదు. నా కుడిచెయ్యి అప్పుడెలా వణికేదో ఇప్పుడూ అంతే. మారింది కుర్చీలోంచి లేవడం, గడప దాటడం.

నెల్లూరులో ఇది నేర్పేవాళ్లు నాకు దొరకలేదు. బెంగళూరులో మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టి, ఇక్కడికొచ్చాక వీడియో కాల్‌లో కొనసాగించాను. టీచర్ మెడ మీద, వీపు మీద చెయ్యి ఆనించి నేర్పే విద్య ఇది. ఫోన్‌లో సగమే అందుతుంది, ఫీజు మాత్రం తగ్గదు.

ఎక్సర్‌సైజులేమీ ఉండవు. ఏ పనికైనా ముందు ఒక్క క్షణం ఆగడం, మెడ బిగుస్తోందేమో చూసుకోవడం, అంతే. ఇదివరకు గడ్డం పైకెత్తి ఒక్క ఊపున లేవబోయి మళ్లీ కుర్చీలో కూలబడేదాన్ని. ఇప్పుడు పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టుకుని, మెడ వదులు చేసి, తుంటి దగ్గర వంగి తలని ముందుకు పోనిస్తాను. బరువు పాదాల మీదికొచ్చాక లేవడం పెద్ద కష్టం కాదు.

గడప దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. మావారు "నడువు, నడువు" అని చెయ్యి లాగితే ఇంకా బిగుసుకుపోయేదాన్ని. ఇప్పుడు ఆగుతాను, బరువంతా ఒక కాలి మీదికి మార్చి రెండోది వేస్తాను. అయితే అక్కడ నేల మీద అంటించిన టేపు ఫిజియోథెరపిస్టు సలహా, సగం పుణ్యం దానిదే. మావారు కొన్నది పసుపు రంగు టేపు. గడపకి పసుపు రాసే పని తప్పిందని ఆయన జోకు కూడా.

ఇదంతా పార్కిన్సన్స్‌కి వేసుకునే లెవోడోపా మాత్ర పనిచేసే గంటల్లోనే. దాని పవర్ దిగిపోతే ఏ టెక్నిక్కూ గుర్తుకు రాదు. ఊళ్లో ఒక సెంటర్‌వాళ్లు వేరే పద్ధతేదో చూపించి, మాత్రలు మానేయొచ్చన్నారు. లెవోడోపా ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం, డాక్టర్‌ని అడగకుండా తగ్గించకండి.

బ్రిటన్‌లో 2002లో వచ్చిన పరిశోధనలో 93 మంది పార్కిన్సన్స్ ఉన్నవాళ్లని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఈ టెక్నిక్‌లో 24 పాఠాలు, ఒకదానికి మసాజ్, మూడోదానికి అదనంగా ఏమీ లేదు, మామూలు వైద్యం అందరికీ నడిచింది. పాఠాలు నేర్చినవాళ్లకి రోజువారీ పనులు సులువయ్యాయి, ఆర్నెల్ల తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. చికిత్సల మీద సలహాలిచ్చే అక్కడి నైస్ (NICE) సంస్థ 2017 మార్గదర్శకాల్లో బ్యాలెన్స్, కదలికల ఇబ్బంది ఉన్నవాళ్లకి దీన్ని పరిశీలించమంది. వణుకే అసలు బాధైతే ఈ డబ్బు దండగ.

ఆర్టీసీ బస్సు మెట్టు మాత్రం ఇంకా నా వల్ల కావడం లేదు. కావలిలో అక్కవాళ్లింటికి వెళ్లాలంటే కారు మాట్లాడాల్సిందే.