విల్లు వేటకు చోటు వెతుకుతూ కొలరాడో కొండల్లో

కొలరాడోలో విల్లుతో ఎల్క్‌ను వేటాడే సీజను సెప్టెంబరు 2 నుంచి 30 వరకు. చోటు మాత్రం ఆగస్టులోనే తేల్చుకోవాలి. ఎల్క్ మన కణుజు పోలికలో ఉంటుంది, మగది 300 కిలోలు దాటుతుంది. స్వదేశంలో 1972 చట్టం వచ్చాక వేట ఆగిపోయింది కాబట్టి ఈ విద్య మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. డెన్వర్‌లో స్థిరపడ్డాక శిక్షణ తీసుకుని మొదలుపెట్టాను.

నేను వెతికింది మందలు కనిపించే చోటు కాదు, పడ్డ జంతువును ఎండెక్కకముందే రోడ్డుకు చేర్చగలిగే చోటు. ఎముకలు తీసేసినా మగ ఎల్క్ మాంసం 80, 90 కిలోలు తూగుతుంది. దాన్ని అడవిలో వదిలేస్తే ఇక్కడ నేరం.

బస వరకే చూస్తే వాల్డెన్ దగ్గరి స్టేట్ ఫారెస్ట్ పార్కు మేలు. క్యాబిన్లు అద్దెకు దొరుకుతాయి, పిల్లలతోనూ వెళ్లవచ్చు. కానీ అది మూస్‌ల (ఎల్క్ కంటే పెద్ద దుప్పి జాతి) రాజ్యం. తెల్లవారుజామున పొదల్లో కదిలిన ప్రతి నల్లటి ఆకారమూ అదే. గ్రాండ్ మీసా పీఠభూమి మీద 300కు పైగా చెరువులున్నాయి. నీరు అన్నిచోట్లా ఉంటే ఎల్క్ ఏ గట్టుకు వస్తుందో ఎవరు చెప్పగలరు? పైగా అడవి దారుల్లో తిరిగే మోటారు బండ్ల రొద. త్వరగానే దిగివచ్చాను.

ఇక ఫ్లాట్ టాప్స్ కొండలు. మీకర్ పట్టణం నుంచి ట్రాపర్స్ లేక్‌కు సుమారు 50 మైళ్లు, చివర కంకర రోడ్డు. రాష్ట్రంలోకెల్లా పెద్ద ఎల్క్ మంద ఈ వైట్ రివర్ ప్రాంతానిదే. సరస్సు చుట్టూ 2002 కార్చిచ్చులో కాలిన మానులు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. భుజాన మాంసంతో వాటిని దాటడం తలచుకుంటేనే నడుము పట్టేస్తుంది. ఇక్కడి వైల్డర్‌నెస్ (బండ్లు నిషేధించిన రక్షిత అడవి) హద్దులోపల చేత్తో తోసే బండికి కూడా అనుమతి లేదు.

అందుకే హద్దు బయట, నది వెంట దిగువకు వచ్చి, ఉత్తరం వైపు వాలిన స్ప్రూస్ (సూదాకుల చెట్లు) అడవి చూశాను. రోడ్డుకు రెండు మైళ్ల లోపే ఎల్క్ బురదలో పొర్లే ఒక పొర్లుగుంట దొరికింది. నీళ్లు ఇంకా తేరుకోలేదు. పక్క చెట్టుకు ఛాతీ ఎత్తు దాకా బురద, బంకలో అంటుకున్న వెంట్రుకలు, పశువులపాక వాసన. గాలి చూసే పొడిసీసా నొక్కితే ఉదయం పొడి లోయలోకి దిగింది, ఎండ పడ్డాక పైకి తిరిగింది. అంటే మన వాసన ఎల్క్‌కు తగలకుండా పొద్దున కింది నుంచి ఎక్కాలి, మధ్యాహ్నం గుంటకు ఎగువన కూర్చోవాలి.

మీకర్‌లో బస చేస్తే వేడినీళ్లు దొరుకుతాయి గానీ రాత్రి మూడింటికే బయలుదేరాలి. జాతీయ అడవిలో గుడారానికి రుసుము లేదు, 14 రోజుల పరిమితి ఉంది. మరుగుదొడ్డి ఉండదు, వాగు నీళ్లు వడగట్టుకోవాలి. అయినా నా ఓటు గుడారానికే.

గుర్రాలపై మాంసం దింపేవాళ్లకు ప్రభుత్వ అనుమతి ఉండాలి, ముందే అడగండి. ధర కంటే ముఖ్యం, ఫోను చేసిన ఎన్ని గంటలకు వస్తారన్నది. ఒకరు మర్నాడన్నారు, ఇంకొకరు 'చూద్దాం' అన్నారు. మొదటివారి నంబరు దాచుకున్నాను. మాంసం కోసిచ్చే దుకాణం ఆదివారం తీస్తుందో లేదో కూడా కనుక్కోవాలి.

డల్లాస్ మిత్రులకు ఒక మాట. బయటి రాష్ట్రాలవాళ్లకు 2025 నుంచి ఈ పడమటి కొండల్లో విల్లు లైసెన్సు నేరుగా దొరకదు. ఏప్రిల్ మొదట్లో ముగిసే గడువులోపు లాటరీకి దరఖాస్తు చేసుకోవాలి.