అమలాపురం షుగర్ క్లినిక్: అమ్మ గుట్టు రట్టయింది

వరదకి మా లంకలో ఇంట్లోకి నీళ్లొచ్చి అమ్మ షుగర్ ఫైలు సగం ముద్దయిపోయింది. ఈ డాక్టరుగారు ఎంబీబీఎస్ తర్వాత కంప్యూటర్లు కూడా చదివారట. మిగిలిన రిపోర్టులు స్కాన్ చేయించి 14 అంకెల ఆభా నంబరుకి (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరు) కలిపారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షని ఒక ల్యాబు 'గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్' అని, ఇంకో ల్యాబు 'హెచ్‌బీఏ1సీ' అని రాస్తాయి కదా, రెండూ ఒకటేనని కంప్యూటర్‌కి నేర్పడమే ఆయన రెండో చదువట. తెరమీద గీత చూపించి, "ఏటా సంక్రాంతి వెళ్లాక పైకి లేస్తోందమ్మా" అన్నారు. నేనే చెప్పేశానేమోనని అమ్మ నావైపు ఉరిమి చూసింది. నాకేం తెలుసు, అరిసెలు దాచుకు తింటోందని!

ఫీజు పర్లేదు. ఆభాకి కలిపేటప్పుడు వచ్చే ఓటీపీ కోసం పేషెంటు ఫోను తీసుకెళ్లండి. మేం మర్చిపోయి రెండోసారి తిరిగాం.