ఒపినెల్ 8 నంబరు చాకు: చీరల బేళ్ల మధ్య రెండేళ్లు

బెంగళూరు రామమూర్తినగర్‌లో మా ఇంటి ముందు గదే నా చీరల కొట్టు. ధర్మవరం నుంచి పట్టు, మంగళగిరి నుంచి నూలు, నెలకు మూడు నాలుగు బేళ్లు వస్తాయి. లోపల ప్లాస్టిక్ కవరు, దాని మీద గోనెపట్టా, గోనెకు పురికొస, ఆ పైన లాగి బిగించిన ప్లాస్టిక్ పట్టీ. ఇవన్నీ తెగాలి, చీర తెగకూడదు. చాకు దగ్గర నేను అడిగేది ఇంతే.

మొదట్లో స్టేషనరీ కొట్లో దొరికే కట్టరే వాడేదాన్ని, బ్లేడు ముక్క మొద్దుబారితే విరిచి పారేసే రకం. ఒక దసరా ముందు బేలు విప్పుతూ, గోనె తెగిందో లేదో తెలియక ఇంకాస్త నొక్కాను. అన్నిటికంటే పైన ఉన్నది నిమ్మపండు రంగు ధర్మవరం పట్టు, మెరూన్ అంచు. కొంగు మీద రెండంగుళాల గాటు పడింది. ఆరు వేల ఎనిమిది వందల చీర. ఆ గాటు సరిగ్గా జరీ పువ్వు మధ్యలోంచి పోయింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కట్టర్ బ్లేడు పలచగా ఉండి వంగుతుంది, కింద ఏం తగిలిందో చేతికి తెలియనివ్వదు.

దాని తర్వాత పేరూ ఊరూ లేని మడత చాకు ఒకటి మూడు వందలకు కొన్నాను. చూడ్డానికి నల్లగా, బరువుగా, చాలా గట్టిదాన్లా ఉండేది. ప్లాస్టిక్ పట్టీ కోస్తుంటే లాక్ జారి నా చూపుడు వేలి మీదే మూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. వారం రోజులు చీర మడత పెట్టడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సి వచ్చింది.

ఆ కట్టు చూసి మా మరిది తన చాకు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. "వదినా, నెల రోజులు ఇది వాడి చూడు, నచ్చితే నీకూ ఒకటి తెప్పిస్తా" అన్నాడు. (చేతికివ్వకుండా టేబుల్ మీదే పెట్టాడు. కత్తిని చేతికి ఇవ్వకూడదని మా అత్తగారు ఇంట్లో అందరికీ నేర్పారు.) నందిబెట్ట, స్కందగిరి ఎక్కడానికి వెళ్లినప్పుడు పండ్లు కోసుకోవడానికి కొన్నాడట. చెక్క పిడి, సన్నటి అలుగు (బ్లేడు), మెడ దగ్గర ఒక ఉక్కు ఉంగరం. నిజం చెప్పాలంటే ఇంత తేలికైన చాకు బేలు కోస్తుందని నమ్మలేదు. నెల తిరక్కముందే నాకూ తెప్పించమన్నాను. రెండు వేలకు కాస్త అటూ ఇటూ అయింది.

ఇది ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండ ప్రాంతపు చాకు. జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో తయారు చేయడం మొదలుపెట్టాడు. పల్లెల్లో పొలం పనివాళ్లు జేబులో వేసుకుని తిరిగే చాకు. 1897 నాటికి 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. అందులో ఎక్కువమంది కొనేది 8 నంబరు. దాని అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మడిస్తే నా అరచేతి కంటే కాస్త పొడుగు. హ్యాండ్‌బ్యాగులో పడేస్తే బరువు తెలియదు.

దీనికి నేను ఎక్కువ మార్కులు వేసేది ఆ ఉంగరానికే. అలుగు తెరిచి ఉంగరాన్ని పక్కకు తిప్పితే పిడిలోని గాడికి అడ్డం పడుతుంది. ఇక అలుగు వెనక్కి రాదు. మూసినప్పుడు కూడా తిప్పేస్తే బ్యాగులో దానంతటది తెరుచుకోదు. లోపల స్ప్రింగ్ లేదు, బటన్ లేదు, జారిపోయేది ఏమీ లేదు. ఈ ఉంగరం వచ్చింది 1955లో. అంటే మొదటి అరవై అయిదేళ్లు ఈ చాకు చెక్క బిగువు మీదే నిలబడింది. అప్పటిది నా చేతికిచ్చినా నేను వాడను. వేలు తెగినదాన్ని కాబట్టి చెబుతున్నాను, మడత చాకు కొనేవాళ్లు ముందు లాక్ చూడండి, అలుగు మెరుపు తర్వాత చూడొచ్చు.

అలాగని ఉంగరం తిప్పడం మర్చిపోతే అది మిమ్మల్ని కాపాడదు. నాకు అలవాటు కావడానికి పది రోజులు పట్టింది. ఇప్పుడు తెరవడం, తిప్పడం రెండూ ఒకే పనిలా అయిపోయాయి. ఒంటి చేత్తో తెరవాలనుకునేవాళ్లకు మాత్రం ఇది కుదరదు. అలుగు మీదున్న గంటులో గోరు పెట్టి, రెండో చేత్తో పిడి పట్టుకుని లాగాలి.

ఇక బేలు సంగతి. అలుగు సన్నం, కానీ వంగదు. గోనె తగిలితే గోనె అని, కవరు తగిలితే కవరు అని చేతికి తెలుస్తుంది. అయినా మొన పదునుగా ఉంటుంది కాబట్టి నేను మొనతో ఎప్పుడూ పొడవను. పురికొస కిందికి అలుగును పడుకోబెట్టి దూరుస్తాను. తర్వాత వెన్ను చీర వైపు, పదును పైకి వచ్చేలా తిప్పి, పైకి లేపుతూ కోస్తాను. చెయ్యి జారినా గాలిలోకి పోతుంది, చీర మీదికి రాదు. ముఖం మాత్రం పక్కకు ఉంచాలి. ప్లాస్టిక్ పట్టీ అయితే తెగిన కొస కొరడాలా లేస్తుంది, దాన్ని ఎడమ చేత్తో ముందే అదిమి పట్టాలి. ఈ పద్ధతి పట్టుబడ్డాక ఇప్పటికి ఒక్క చీర కూడా పాడవలేదు.

అట్టపెట్టెలు కోస్తే మాత్రం ఏ చాకైనా తొందరగా మొద్దుబారుతుంది. అట్ట అలుగును బాగా అరగదీస్తుంది. అందుకే రెండు వారాలకోసారి చిన్న సానరాయి మీద నూరుకుంటాను. రాయి లేనప్పుడు పింగాణీ కప్పు తిరగేసి, అడుగున మెరుపు లేని గరుకు చుట్టు మీద నాలుగు సార్లు అటూ ఇటూ లాగినా పదును తిరిగొస్తుంది. మా వీధిలోకి సైకిల్ మీద సానపట్టే ఆయన వస్తాడు. వంటింటి కత్తులూ కత్తెరలూ ఆయనకే ఇస్తాను, దీన్ని ఇవ్వను. చక్రం మీద నిప్పురవ్వలు లేచేలా పట్టిస్తే ఇంత సన్నటి అలుగు వేడెక్కి ఉక్కు గట్టిదనం పోతుంది.

స్టెయిన్‌లెస్ తీసుకోవాలా, కార్బన్ ఉక్కు తీసుకోవాలా అని అడుగుతారు. నాది స్టెయిన్‌లెస్. కార్బన్ ఉక్కు మామిడికాయ పులుపు తగిలితే నల్లబడుతుంది. మన పాత ఇనప కత్తిపీట మీద మామిడికాయ తరిగితే ముక్క అంచు నల్లబడేది చూడండి, అదే. తడి తుడవకపోతే తుప్పు కూడా పడుతుంది. ఆ మరక తెల్లటి మంగళగిరి నూలు మీదికి ఎక్కితే నా గతి ఏమిటని నేను దాని జోలికి పోలేదు. ఓపికున్నవాళ్లు కార్బన్‌దే నూరడం తేలిక అంటారు.

స్టెయిన్‌లెస్ కదా అని ధైర్యంగా నేను చేసిన తప్పు ఒకటుంది. మే నెలలో బంగినపల్లి కోసి, జిగురు పోవాలని చాకును నీళ్ల గిన్నెలో వేసి మర్చిపోయాను. అలుగుకేం కాలేదు. పిడి బీచ్ చెక్క, నీళ్లు తాగి ఉబ్బింది. గాడి బిగుసుకుని అలుగు మూయడానికి రాలేదు. బియ్యం డబ్బాలో మూడు రోజులు ఉంచాక వదులైంది. ఎండలో పెడితే పగులుతుందని మరిది వద్దన్నాడు. అప్పటి నుంచి తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడుస్తాను. ఫాల్, పీకో కోసం ఇంట్లో కుట్టుమిషన్ ఉంది, ఆ నూనే ఒక చుక్క ఉంగరం దగ్గర వేస్తాను. పిడికి అప్పుడప్పుడు అవిసె నూనె పట్టిస్తాను. రంగు తేనెలా తిరిగింది.

దారం కొసలు కత్తిరించడానికి ఇది పనికిరాదు, దానికి మా అమ్మాయి దగ్గరున్న వేలెడంత విక్టోరినాక్స్ క్లాసిక్ మేలు, అందులో బుల్లి కత్తెర ఉంటుంది. కానీ దాని అలుగుకు లాక్ లేదు, కాబట్టి బేలు దగ్గరికి రానివ్వను. ఇక కొబ్బరి చిప్ప నుంచి కొబ్బరి పెళ్లగించడం, డబ్బా మూతలు లేపడం లాంటివి ఒపినెల్‌తో చేయకండి, మొన విరుగుతుంది.

బ్యాగులో చాకేంటమ్మా, పోలీసులు పట్టుకోరా అని పక్కింటి ఆంటీ కన్నడంలో భయపడ్డారు. (కన్నడంలోనూ చాకు చాకే.) మన ఆయుధాల నిబంధనల్లో కత్తులకు పెట్టిన కొలత తొమ్మిది అంగుళాల పొడుగు, రెండంగుళాల వెడల్పు. దీని అలుగు మూడున్నర అంగుళాలు కూడా లేదు. అయినా బ్యాగును స్కానర్‌లో పెట్టే చోటికి వెళ్లేటప్పుడు ఇంట్లోనే వదిలేస్తాను. గేటు దగ్గర ఆపి అడిగితే ఆ టెన్షన్ ఎందుకు? విమానంలో అయితే చేతి బ్యాగులో అసలు పెట్టకూడదు, చెకిన్ సామానులోనే వేయాలి.

పోయిన ఆయుధపూజకు కుట్టుమిషన్, కత్తెరల పక్కన దీన్నీ పెట్టి పసుపు కుంకుమ అద్దాను. చెక్క గీతల్లో ఆ కుంకుమ ఇంకా కాస్త ఉంది, తుడవలేదు.

ఈ మధ్య సాయానికి వస్తున్న అమ్మాయికి బేలు విప్పడం నేర్పిస్తున్నాను. తనకు నా 8 నంబరు ఇవ్వడానికి ధైర్యం చాలడం లేదు. ఒపినెల్‌లోనే పిల్లల కోసం చేసిన 7 నంబరు ఉంది. ఎనిమిది సెంటీమీటర్ల అలుగు, అదే ఉంగరం, మొన మాత్రం గుండ్రంగా ఉంటుంది. గోనె కిందికి దూర్చినా చీరకు గుచ్చుకోదు. అది ఒకటి తెప్పించమని మరిదికి నిన్ననే చెప్పాను. మీది కూడా బట్టల పనే అయితే 8 వదిలేసి నేరుగా ఆ 7 నంబరే తీసుకోండి.