వరద పనికి రిబ్ బోటు: 4.7 మీటర్ల రకం ఎలా ఉంది?

రిబ్ అంటే గట్టి ఫైబర్ అడుగు, చుట్టూ గాలి ట్యూబులు ఉన్న బోటు. దీనికి వెనక 40 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజన్. లంకల్లో వరద పనికి ఈ బోటు కొనేవాళ్లు ఇంజన్ సైజు కంటే ముందు ట్యూబు గుడ్డ చూడాలి. పీవీసీ చవకే గానీ కోనసీమ ఎండకు అతుకుల జిగురు తొందరగా వదిలేస్తుంది. ఏడాదంతా రేవులో ఆరుబయట ఉండే బోటుకు ఖరీదెక్కువైనా హైపలాన్ అనే సింథటిక్ రబ్బరు గుడ్డే నయం.

వరదలో మాత్రం మంచి బోటు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చాక, ఆ వడిలో కొయ్య నావను డాబా గోడకు ఆనించడం ఎంత కష్టమో సరంగులకు తెలుసు. ఇక్కడ గోడకు తగిలేది మెత్తటి ట్యూబు. ముగ్గురు ఒకే పక్క నుంచి ఎక్కినా ఆ పక్క ట్యూబు నీళ్లలోకి దిగి బరువును ఆపుతుంది. ట్యూబు లోపల తెరలతో విడివిడి గాలి గదులుంటాయి కాబట్టి నీట మునిగిన ముళ్లకంచె ఒక గదిని చీల్చినా మిగతా గదులు తేలుస్తాయి.

అడుగు వీ ఆకారంలో ఉండటంతో అంతర్వేది మొగ దగ్గర ఎదురు కెరటాన్ని కోసుకుంటూ పోతుంది. పాటు వేళ, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీసినప్పుడు, కోరింగ మడ కాలవల్లో ఆ అడుగే ఇబ్బంది. ఇంజన్ కాలు దించితే రెండడుగుల పైనే నీళ్లు కావాలి. మడ వేళ్లను పట్టుకున్న ఆల్చిప్పలు ట్యూబును బ్లేడులా కోస్తాయి. అక్కడికి మామూలు ఫైబర్ పడవ చాలు.

అసలు తంటా గాలితోనే. కాలితో తన్ని చూసి సరిపోయిందనడం కుదరదు, గేజీ ఉండాలి. తయారీదారు వేరే అంకె ఇవ్వకపోతే గాలి ఒత్తిడి 3 పీఎస్‌ఐ ఉండాలి. ముందు గదులన్నిటికీ సగం సగం కొట్టి, రెండో విడత నింపాలి. ఒక గది నిండుగా, పక్కది ఖాళీగా ఉంటే మధ్య తెర సాగిపోతుంది. పొద్దున 25 డిగ్రీల్లో 3 ఉన్న గాలి, మధ్యాహ్నం ట్యూబు 50 డిగ్రీలకు కాలితే 4 దాటుతుంది. ఎండలో కట్టేసేటప్పుడు కొంచెం వదలండి. చల్లటి వరద నీళ్లలో దించగానే మెత్తబడుతుంది, అందుకే పంపు బోటులోనే ఉండాలి. మెత్తటి ట్యూబుతో జోరుగా నడిపితే ట్యూబూ ఫైబరూ కలిసేచోట అతుకు ఊడుతుంది.

ప్యాచ్ పని ఆగస్టు దాకా ఆపొద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే రెండు భాగాల జిగురు సరిగా పట్టదు. ఎండాకాలంలోనే హైపలాన్ గుడ్డనైతే గరుకు కాగితంతో రుద్ది, సాల్వెంట్‌తో తుడిచి, పలచగా పూతలు వేసి అతికించి, ఒక రోజు కదపకుండా వదిలేయాలి. హైపలాన్ జిగురు, పీవీసీ జిగురు వేరు. దుకాణంలో ఏదో ఒకటి అంటగడతారు, డబ్బా చదివి తీసుకోండి.

ఇంజన్ గురించి రెండే మాటలు. వరద బురద ఇంజన్‌ను చల్లబరిచే నీటిపంపులోని ఇంపెల్లర్‌ను (తిరిగే రెక్కల చక్రాన్ని) అరగదీస్తుంది, గుర్రపుడెక్క నీళ్లు పీల్చే రంధ్రాలను మూసేస్తుంది. వెనక చిమ్మే నీటిధార సన్నబడితే వెంటనే ఆపాలి. సరంగు నీళ్లలో పడితే ఇంజన్ ఆపే కిల్ స్విచ్ తాడును సరంగు ఒంటికి తగిలించకుండా తాళం తిప్పొద్దు.

డెలివరీ రోజే డబ్బు మొత్తం కట్టకండి. సాయంత్రం గేజీ అంకె రాసుకుని, వాల్వులకు, అతుకులకు సబ్బునీళ్లు పూసి బుడగలొస్తున్నాయేమో చూడండి. మర్నాడు అదే వేడిలో మళ్లీ కొలవండి. ఏ గదిలోనైనా అంకె బాగా పడిపోయి ఉంటే బోటు వెనక్కి పంపేయండి.