కాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్: పది అంకెల సంఖ్యకు కారణాంకాలు అడిగితే ఏం చెబుతుంది?

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలు ఇంటిగ్రేషన్ల కోసం, మాత్రికల కోసం ఈ కాలిక్యులేటర్‌ను కొంటారు. అంకెలంటే సరదా ఉన్నవాళ్లకు మాత్రం ఇందులో అసలు సరుకు ఫ్యాక్ట్ (FACT) అనే సౌకర్యం. పది అంకెల దాకా ఏ ధన పూర్ణసంఖ్యనైనా ప్రధాన కారణాంకాలుగా విడగొడుతుంది.

సంఖ్య కొట్టాక ముందు = నొక్కాలి. ఆ తర్వాతే షిఫ్ట్, డిగ్రీలు-నిమిషాల కీ. = మరిచిపోతే పని జరగదు; పనిచేయడం లేదని కొట్టువాడితో గొడవ మొదలయ్యేది ఇక్కడే. పది ఒకట్లు వేసి చూడండి: 1111111111 = 11×41×271×9091. చేత్తో చేస్తే పూట పడుతుంది.

ఇక తిరకాసు. ఇది మూడంకెల ప్రధాన సంఖ్యలతోనే, అంటే 997 దాకానే, భాగించి చూస్తుంది. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 1009, దాని వర్గం 1018081. మిగిలింది అంతకన్నా చిన్నదైతే అది ప్రధానమే, అనుమానం లేదు. పైన 9091 అలా తేలిందే. పెద్దదైతే బ్రాకెట్లో పెట్టి చేతులు దులుపుకుంటుంది. 4104676 వేస్తే 2²×(1026169) అని వస్తుంది. ఆ బ్రాకెట్లోది నిజానికి 1013². బ్రాకెట్ చూసి ప్రధాన సంఖ్య అని రాసేస్తే మార్కులు పోయినట్టే.

2³²+1 మరీ రుచికరం. అది ప్రధానమేనని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ 641తో భాగించి చూపించాడు. ఈ పెట్టె చూపించేది 641×(6700417). బ్రాకెట్ సంగతి మనమే తేల్చాలి. వర్గమూలం 2588 చిల్లర కాబట్టి 1009 నుంచి అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి, అవి రెండొందల పైమాటే. అంత శ్రమ అక్కర్లేదు. 2³²+1 కారణాంకాలన్నీ 128తో భాగిస్తే శేషం 1 వచ్చేవేనని ల్యూకా అనే గణితవేత్త నిరూపించాడు. ఆ హద్దులో అలాంటి ప్రధాన సంఖ్యలు రెండే: 1153, 1409. మొదటిదానికి శేషం 334, రెండోదానికి 622. కాబట్టి 6700417 ప్రధానమే.

పది అంకెలు దాటితే ఫ్యాక్ట్ పనిచేయదు, తెర మీద చివరి అంకెలు కూడా కనబడవు. 2⁴⁰ వేస్తే 1.099511628×10¹² అంటుంది. లోపల 15 అంకెలు దాచుకుంటుంది గనక దాన్నుంచి 1.0995×10¹² తీసేయండి, 11627776 బయటపడుతుంది. 2⁶⁴కి ఈ చిట్కా పారదు, అది 20 అంకెలది. ఫ్యాక్టోరియల్ 69 దాకానే, 70!కి మ్యాథ్ ఎర్రర్.

కొనేటప్పుడు డిగ్రీల కీ పైన ఫ్యాక్ట్ అని రాసుందో లేదో చూడండి. లేకపోతే, ధర ఎంత తగ్గించినా ఈ పనికి దండగ. కొత్త ఎఫ్‌ఎక్స్-991సీడబ్ల్యూ రకంలో ఇదే పని ఫార్మాట్ మెనూలోకి వెళ్లింది. కొట్టులోనే 4104676 వేయించి, బ్రాకెట్ పడ్డాక డబ్బులివ్వండి.