మూడేళ్ల షాడోయింగ్ తర్వాత: ఒక ఫార్మసీ విద్యార్థిని సమీక్ష

రెండో ఏడాదిలో మొదలుపెట్టి చదువు పూర్తయ్యేదాకా, సుమారు మూడేళ్లు, సెలవు దొరికినప్పుడల్లా ఎవరో ఒక ఫార్మసిస్టు వెనకాల తిరిగాను. షాడోయింగ్ అంటే అంతే. పని చెయ్యనివ్వరు, చూడనిస్తారు. న్యూక్లియర్ ఫార్మసీ (స్కాన్లకి వాడే రేడియోధార్మిక మందుల తయారీ), అంకాలజీ (క్యాన్సర్ విభాగం), పిల్లల వార్డు, ఐసీయూ, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) చూశాను. స్పెషలైజేషన్ తేల్చుకోవడానికి ఇది పనికొస్తుందా అని జూనియర్లు అడుగుతున్నారు. పనికొస్తుంది, కాకపోతే నేను అనుకున్న పద్ధతిలో కాదు.

న్యూక్లియర్ ఫార్మసీకి పేరు చూసి మోజుపడి వెళ్లాను. అమెరికాలోని బోర్డ్ ఆఫ్ ఫార్మసీ స్పెషాలిటీస్ 1978లో అన్నిటికంటే ముందు గుర్తించిన స్పెషాలిటీ ఇదేనని చదివి ఇంకాస్త ఊహించుకున్నా. తీరా వెళ్తే పని తెల్లవారుజామున 3 గంటలకే మొదలు. స్కాన్లలో ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం హాఫ్ లైఫ్ 6 గంటలే. రాత్రే చేసి పెట్టుకుందామంటే పొద్దుటికి సగం పోతుంది. సీసం కవచం ఉన్న జెనరేటర్‌లో మాలిబ్డినం-99 ఉంటుంది, దాని మీదుగా సెలైన్ పంపి టెక్నీషియాన్ని బయటికి తీస్తారు. దీన్ని వాళ్లు ఆవుని పితకడం అంటారు. ఆ మాట భలే నచ్చింది. ఆ టైముకి నిద్ర లేవడం మాత్రం నా వల్ల కాలేదు.

అంకాలజీలో ఉన్నప్పుడే నోట్‌బుక్ మొదలైంది. మొదటి రోజు అక్కడి మేడమ్ ఒక కాగితం ఇచ్చి కార్బోప్లాటిన్ అనే క్యాన్సర్ మందు డోసు కట్టమన్నారు. టార్గెట్ ఏయూసీ (రక్తంలో మందు ఎంత, ఎంతసేపు ఉంటుందో చెప్పే కొలత) 5, జీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత వేగం) 90. నేను గుణించేసి 450 మిల్లీగ్రాములు అన్నాను. ఆవిడ కాగితం నా వైపు తిప్పి, "ఇరవై ఐదు ఎక్కడ పోయిందమ్మా?" అన్నారు. కాల్వర్ట్ ఫార్ములాలో జీఎఫ్‌ఆర్‌కి ముందు 25 కలపాలి, అది కిడ్నీల ద్వారా కాకుండా వేరే దారిలో పోయే మందు లెక్క. అసలు డోసు 575. ఆ ఫార్ములా నాకు నోటికి వచ్చు, పరీక్షలో రాశాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆ రోజు నుంచి గంట గంటకీ అడ్డగీత గీసి రాయడం అలవాటైంది. ఈ గంటలో ఆవిడ ఏం చేశారు, స్క్రీనా, ఫోనా, రోగితో మాటా? క్యాన్సర్ ఫార్మసిస్టు అంటే రోజంతా రోగుల పక్కనే ఉంటారనుకున్నా. ఎనిమిది గంటల్లో రోగులతో గడిచింది ఒక్క గంట కూడా లేదు. మిగతాదంతా ప్రొటోకాల్ సరిచూడటం, బరువు, రక్తపరీక్షలు, డోసు లెక్క మళ్లీ మళ్లీ చూడటం. విన్‌క్రిస్టిన్ లాంటి మందు నరంలోకి కాకుండా పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం పోతుంది. అందుకే సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి పంపుతారట. అంత జాగ్రత్త రోజూ పడగలిగేవాళ్లకే ఆ విభాగం.

పిల్లల వార్డు గురించి ఒక్క ముక్క: దశాంశ బిందువు భయం ఉంటేనే వెళ్లండి. 1.0 అని రాస్తే 10 అని చదివేవాళ్లుంటారు.

ఐసీయూకి రెండుసార్లు వెళ్లాను. మొదటి చోట నాలుగు రోజులూ నాతో జిరాక్సులు తీయించారు, రౌండ్స్‌కి రానివ్వలేదు. క్రిటికల్ కేర్ అంటేనే విసుగొచ్చింది. ఏడాది తర్వాత వేరే చోట, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఏయూసీ 400 నుంచి 600 మధ్య ఎందుకు ఉంచుతారో ఒక సార్ రోగి చార్టు ముందు పెట్టుకుని ఓపిగ్గా చెప్పారు. విభాగం అదే, మనిషి వేరు. షాడోయింగ్‌లో అసలు లోపం ఇదే, ఒక్కరిని చూసి ఆ విభాగమంతా అంతే అనుకుంటాం.

ఫార్మకోవిజిలెన్స్‌లో తొలి రెండు రోజులు నిద్రే. ఇంకొకరి స్క్రీన్ చూస్తూ కూర్చుంటే ఏం తెలుస్తుంది? మూడో రోజు పేరూ ఊరూ తీసేసిన ఒక రిపోర్టు చేతికిచ్చారు. ఎనలాప్రిల్ (బీపీ మందు), పొడి దగ్గు. ఆ మందు మామూలుగానే దగ్గు తెప్పిస్తుంది, అందులో వింతేమీ లేదు. ఆ ఇబ్బంది మందు వల్లే వచ్చిందా అని తేల్చే నరాంజో స్కేల్‌లో 10 ప్రశ్నలుంటాయి. మందు ఆపాక తగ్గిందా అన్న దగ్గర ఆగిపోయాను. ఆపారని ఉంది, తగ్గిందో లేదో రాయలేదు. సాయంత్రం దాకా మనసంతా ఆ దగ్గు మీదే! ఇలాంటి రిపోర్టులే దేశదేశాల నుంచి స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్న కేంద్రానికి, విజీబేస్ అనే డేటాబేస్‌లోకి చేరతాయని అప్పుడు గానీ తలకెక్కలేదు.

ఎక్కడికెళ్లినా "మీ పనిలో మీకు నచ్చేదేంటి?" అని అడగకండి, అందరూ రోగుల సేవ అనే అంటారు. "నిన్న మీ పని ఎక్కడ ఆగిపోయింది?" అని అడగండి.

షాడోయింగ్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ జిరాక్సుల వల్ల ఒకటి తగ్గింది. ఇప్పుడు ఫార్మకోవిజిలెన్స్‌లోనే ట్రైనీని. నోట్‌బుక్‌లో ఇంకా కొన్ని పేజీలు మిగిలాయి. రెగ్యులేటరీ అఫైర్స్ (మందులకి ప్రభుత్వ అనుమతుల పని) వాళ్ల దగ్గర రెండు రోజులు కూర్చోనివ్వమని అడిగాను, ఇంకా జవాబు రాలేదు.