కోన్ సెట్ మార్పించాక ఎక్సలేటర్ మొండికేసింది: ఏడాదిన్నర తర్వాత రాస్తున్న సమీక్ష

నాది 2018లో కొన్న 160 సీసీ బండి. బీఎస్4 (అప్పటి కాలుష్య నిబంధనల ప్రకారం చేసింది), కార్బొరేటర్‌ది, అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకు ఇచ్చే పాతరకం పరికరం ఉన్నది. నాచారం నుంచి అమీర్‌పేటలోని ఆఫీసుకు రోజూ దాని మీదే వెళ్తాను. 2024 ఆగస్టుకి మీటరు నలభై ఒక్క వేలు దాటింది. హ్యాండిల్ సూటిగా ఉన్నచోట గాడిలో పడ్డట్టు ఆగుతుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తేలిగ్గా తిరగడానికి దాని మెడలో ఉండే బేరింగులు) అరిగిందని అర్థమై, ఎప్పుడూ ఇచ్చే డీలర్ సర్వీస్ సెంటర్‌లోనే ఇచ్చాను. కోన్ సెట్, కొత్త ఎక్సలేటర్ కేబుల్, ఆయిల్, ఫిల్టర్, అన్నీ కలిపి 4,850 రూపాయల బిల్లు. అంతకుముందు ఆరేళ్లలో అక్కడ నాకు ఒక్క ఇబ్బందీ రాలేదు. ఆ మాట ముందే చెప్పాలి.

బండి తీసుకున్న సాయంత్రం హ్యాండిల్ ఎంత తేలిగ్గా తిరుగుతోందో చూసి సంతోషపడ్డాను. మర్నాడు పొద్దున హబ్సిగూడలో మెట్రో స్తంభాల మధ్య యూటర్న్ తీసుకుంటున్నాను. హ్యాండిల్ కుడికి పూర్తిగా తిరిగేసరికి బండి దానంతటదే రేస్ అందుకుంది. నేను ఎక్సలేటర్ తిప్పలేదు. క్లచ్ సగమే పట్టుకుని ఉన్నాను కాబట్టి ఒక్కసారిగా ముందుకు దూకింది. అవతలి రోడ్డు మీద సిటీ బస్సు వస్తోంది. క్లచ్ మొత్తం నొక్కి బ్రేక్ పట్టాను. ఇంజను మాత్రం అరుస్తూనే ఉంది. బొటనవేలితో కిల్ స్విచ్ నొక్కితే ఆగింది. ఆరేళ్లలో ఆ స్విచ్ వాడింది అదే మొదటిసారి. బండిని తోసుకుంటూ పక్కకి తెచ్చాక కూడా కాసేపు చేతులు వణికాయి.

ఆ రోజే సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. అడ్వైజర్ బండిని నిలబెట్టినచోటే గ్రిప్ రెండుసార్లు తిప్పి వదిలి, "కొత్త కేబుల్ కదా సర్, నాలుగు రోజులు తిరిగితే ఫ్రీ అయిపోతుంది" అన్నాడు. హ్యాండిల్ తిప్పి చూడమన్నాను. షెడ్డులో బళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, తిప్పే చోటు లేదు. నమ్మి వచ్చేశాను. వారం గడిచినా తగ్గలేదు. మళ్లీ వెళ్తే బండి లోపలికి తీసుకెళ్లి పది నిమిషాల్లో తెచ్చారు. "రేస్ ఎక్కువ వస్తోందన్నారు కదా సర్, తగ్గించేశాం" అన్నారు.

నాకు అసలు కోపం వచ్చింది ఈ రెండోసారి చేసిన పనికే. వాళ్లు తగ్గించింది కార్బొరేటర్ పక్కనుండే ఐడ్లింగ్ స్క్రూని, అంటే గ్రిప్ తిప్పనప్పుడు ఇంజను ఎంత వేగంతో తిరగాలో పెట్టే స్క్రూని. దాంతో హ్యాండిల్ సూటిగా ఉన్నప్పుడు ఇంజనుకు ఊపిరి చాలదు. మెట్టుగూడ సిగ్నల్‌లో ఆగిపోతుంది, ప్యారడైజ్ దగ్గర ఆగిపోతుంది. యూటర్న్‌లో మాత్రం రేస్ పెరగడం పెరుగుతూనే ఉంది. ఒక్క జబ్బుతో వెళ్లిన బండి రెండు జబ్బులతో బయటికి వచ్చింది. ఇంకో రెండు వారాలు అలాగే తిరిగాను. యూటర్న్ వస్తే చాలు, టెన్షన్.

చివరికి ఒక ఆదివారం లాలాగూడలో ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన బండిని మెయిన్ స్టాండ్ వేసి, స్టార్ట్ చేసి, గ్రిప్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ని ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి చివరిదాకా తిప్పారు. కుడికి తిప్పినప్పుడు ఇంజను అరిచింది. వెంటనే ఆపేసి సీటు, ట్యాంకు ఊడదీశారు. "అన్నా, ఇగ చూడు. కేబుల్ గీ క్లిప్పులకెల్లి కుడిదిక్కు పోవాలె. గాళ్లు ముంగటికెల్లి తిప్పి ఎడమదిక్కు దింపిండ్రు. హ్యాండిల్ తిప్పితే గుంజక ఏం చేస్తది?"

కోన్ సెట్ మార్చాలంటే హ్యాండిల్, దాని కింద ఫోర్కులను పట్టి ఉంచే టీ ప్లేటు, ముందు ఫోర్కులు అన్నీ విప్పాలి. మళ్లీ బిగించేటప్పుడు కేబుల్‌ని పాత దారిలోంచి కాకుండా హ్యాండిల్ మెడకు ముందునుంచి చుట్టి, అవతలి వైపుకి దించేశారు. ఫ్రేము మీదున్న చిన్న ఇనుప క్లిప్పు ఖాళీగా కనిపించింది. కేబుల్ పైతొడుగు పొడవు చాలని దారిలో వంగి, లోపలి వైరును తనే లాగుతోంది. మన చెయ్యి చేయాల్సిన పనిని హ్యాండిల్ చేస్తోందన్నమాట. నా బండికి ఉన్నది ఒకటే కేబుల్. తెరవడానికి వైరు, మూయడానికి కార్బొరేటర్‌లోని స్ప్రింగు. వైరు బిగుసుకుంటే పాపం ఆ స్ప్రింగు ఏం మూస్తుంది! కొన్ని బళ్లకు తెరవడానికొకటి, మూయడానికొకటి రెండు కేబుళ్లు ఉంటాయి. వాటిలో కూడా దారి తప్పితే ఇదే తిప్పలు.

గ్రిప్ దగ్గరి స్విచ్ పెట్టె విప్పి చూపించినప్పుడు ఇంకో విషయం బయటపడింది. వైరు చివర గింజలాంటి గుండు ఉంటుంది కదా, దాని పక్కనే రెండు సన్నటి పోగులు తెగి ముళ్లలా పైకి లేచి ఉన్నాయి. మూడు వారాలు వంకర దారిలో లాగినందుకు కొత్త కేబుల్‌కి పట్టిన గతి అది. మిగతా పోగులు కూడా తెగితే నడిరోడ్డు మీద గ్రిప్ తిరగడం తప్ప బండి కదలదు. లేదంటే తెగిన పోగు తొడుగులో ఇరుక్కుని రేస్ అలాగే ఉండిపోతుంది. ఈ రెండోదే నాకు భయం.

పుత్లీబౌలిలో కంపెనీ కేబుల్ 290కి తెచ్చాను. ఆయన 350 తీసుకుని గంటలో బిగించారు. ఐడ్లింగ్ సరిచేసి, గ్రిప్ దగ్గర ప్లే పెట్టారు. వైరు లాగడం మొదలయ్యేలోపు గ్రిప్ అంచు వదులుగా ఎంత తిరుగుతుందో అదే ప్లే. చాలా బళ్లకు 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండాలంటారు. నాది నాలుగు దగ్గర ఉంచారు. అసలు లేకపోతే కొంచెం మలుపుకే రేస్ వస్తుంది, మరీ ఎక్కువైతే ఓవర్‌టేక్‌లో బండి ఆలస్యంగా అందుకుంటుంది.

పాత కేబుల్, ట్యాంకు విప్పినప్పటి ఫొటోలు, జాబ్ కార్డు (బండికి ఏ పనులు చేశారో రాసిచ్చే కాగితం) తీసుకుని మళ్లీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనే అనుకున్నాను. ఆ అవసరం రాలేదు. మేనేజర్ తెగిన పోగులు చూసి ఇంకో మాట మాట్లాడలేదు. కేబుల్ డబ్బులు, కోన్ సెట్ లేబర్ వెనక్కి ఇచ్చారు. అది మెచ్చుకోవాలి. కానీ నేను మొదటిసారి వెళ్లినప్పుడే బండిని ఆరుబయటికి తెచ్చి హ్యాండిల్ ఒక్కసారి తిప్పి ఉంటే, మూడు వారాలు నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేవాణ్ణి కాదు.

ఆ తర్వాత పదమూడు వేల కిలోమీటర్లు తిరిగాను, రెండు వానాకాలాలతో సహా. అదే కేబుల్, ఒక్క పోగు తెగలేదు. ఒక్కసారి మాత్రం ప్లే పెరిగితే గ్రిప్ దగ్గరి రబ్బరు వెనక్కి జరిపి, లాక్ నట్ వదులు చేసి నేనే సరిచేసుకున్నాను.

మొన్న సంక్రాంతి ముందు మా బావమరిది ఫోన్ చేసి "బావా, నీ బండికి వచ్చిందే నాదానికీ వచ్చింది" అన్నాడు. వాడిది బీఎస్6, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. సర్వీసులో థ్రాటిల్ బాడీ (గ్రిప్ తిప్పినకొద్దీ ఇంజనులోకి గాలి వదిలే భాగం) క్లీన్ చేశారట, అప్పటినుంచి గ్రిప్ వదిలినా రేస్ మెల్లగా దిగుతోందట. హ్యాండిల్ రెండు వైపులా తిప్పమన్నాను. తేడా ఏమీ లేదన్నాడు. అంటే అది కేబుల్ జబ్బు కాదు. థ్రాటిల్ బాడీకీ ఇంజనుకూ మధ్యనుండే రబ్బరు గొట్టం క్లాంపు చూడమని చెప్పాను. సరిగా బిగించలేదు, అక్కడినుంచి గాలి లాగుతోంది. బిగించాక తగ్గింది. రేస్ పెరిగిందంటే అన్నిటికీ ఒకటే కారణం ఉండదు, అందుకే ముందు హ్యాండిల్ తిప్పి చూడమంటాను.

ఆయిల్, చైను, బ్రేకులకి ఇప్పటికీ అదే సర్వీస్ సెంటర్‌కి ఇస్తున్నాను, ఆ పనులు శుభ్రంగా చేస్తారు. హ్యాండిల్ గానీ ట్యాంకు గానీ ఊడదీసే పని ఉంటే లాలాగూడకే. పోయిన నెల సర్వీసు అయ్యాక బిల్లు కట్టకముందే బండిని గేటు బయటికి తెప్పించి, స్టార్ట్ చేసి, హ్యాండిల్ కుడికి చివరిదాకా తిప్పాను. రేస్ కదల్లేదు. పక్కనే నిలబడ్డ కుర్రాడు ఎందుకలా చూస్తున్నారని అడిగితే కేబుల్ సంగతంతా చెప్పాను. నేను హెల్మెట్ పెట్టుకునేలోపు అతను వరుసలో ఉన్న తర్వాతి బండిని బయటికి తెచ్చి, స్టార్ట్ చేసి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ చెవి ఒగ్గి వింటున్నాడు.